జరగని గతానికి విధించిన జరిమానా

మా సముద్రతీరపు ఊరు అనొమాబోలో క్వామెనా ఎసిల్‌ఫీ మాస్టారి పేరెత్తితే ఇప్పటికీ నలుగురూ నవ్వుకుంటారు. ఆ నవ్వు అన్యాయమని నా వాదన. ఈ ఊరి అంత్యక్రియల్లో పంచిన నివాళుల అచ్చు పుస్తకాలన్నీ భద్రపరచినవాణ్ణి నేను. చాలాకాలం వాటిలో చదవదగిన పేజీ అంటూ ఉంటే అది ఆయన రాసినదే. నవ్వేవారిలో సగంమంది తాతలకు నివాళి కూర్చిపెట్టింది కూడా ఆయనే.

ఆయన మిడిల్ స్కూల్లో ఇంగ్లీషు వ్యాకరణం బోధించేవారు. అందులో ఆయనకు ప్రాణప్రదమైన పాఠం జరగని గతం. వాన కురిసి ఉంటే మొక్కజొన్న పండి ఉండేది, ఇటువంటి వాక్యాలు. "కురవలేదు, పండలేదు. అయినా కంకి మీ కళ్ళకు కనిపించిందా లేదా?" అని పిల్లలను గద్దించేవారు. ఆ విద్యనే నివాళుల్లోకి తెచ్చారు. 'మరొక్క ఏడాది బతికి ఉంటే మనవరాలి పెళ్ళిలో ఆడి ఉండేది' అని ఆయన రాస్తే, ఆ ముసలమ్మను బతికుండగా పలకరించని వాళ్ళు కూడా భోరుమనేవారు.

అంతలో కేప్ కోస్ట్‌లో చదువుకున్న అరబా బెంట్సిల్ అనే యువతి ఆ బడికే టీచరుగా వచ్చింది. ఆవిడా నివాళులు రాయసాగింది. వాటిలో 'ఉంటే'లు ఉండవు. పోయినవారు ఏం తినేవారు, ఎలా ఈల వేసేవారు, ఎవరిని తిట్టేవారు, అంతే. జనం ఒక్కొక్కరుగా అటు మళ్ళారు. మాస్టారికి అసూయ పుట్టింది. చిన్నది కాదు, అన్నం సహించనివ్వనిది.

ఒక శనివారం చర్చిలో అరబా తన మావయ్య ఈలపాట గురించి రాసిన నివాళి చదువుతుండగా మాస్టారు చివరి స్తంభం చాటున నా పక్కన నిలబడ్డారు.

"వీళ్ళు నిజంగా ఏడుస్తున్నారంటారా, దుమ్ముకు ముక్కులు తుడుచుకుంటున్నారా?"

"ఏడుస్తున్నారు మాస్టారూ."

"మర్యాద కోసం ఏడుస్తారండీ. మన జనం మర్యాదస్తులు."

బయట, పులిసిన మొక్కజొన్న పిండితో చేసే కెంకీ ముద్దలమ్మే ఆవిడ ఊరుకోలేదు. "మా అత్తకి అరబా టీచరు రాసింది విన్నారా మాస్టారూ? చచ్చినావిడ లేచొచ్చి నాతో చేపలు బేరమాడుతున్నట్టే ఉంది!"

"వ్యాకరణం ఎలా ఉంది?"

"అదెందుకండీ, అత్త వచ్చింది చాలదూ?"

ఆయన సగం తిన్న కెంకీని ఆకులోనే వదిలేసి లేచిపోయారు.

ఆ తరువాత పడవల యజమాని కోఫీ అబాకా కడుపునొప్పితో మరణించాడు. అతని భార్య ఎసి ఆసుపత్రికి తీసుకుపోదామని కాళ్ళావేళ్ళా పడింది. అతని వంశపెద్ద, మేనమామ ఎబో క్వాన్సా వినలేదు, ప్రార్థనా శిబిరానికి తరలించాడు. మాలో ఆస్తి మేనమామల వంశానిది, భార్యాబిడ్డలకు చెందదు. ఎసి, పిల్లలు ఉంటున్న గది కూడా ఆ వంశానిదే.

అంత్యక్రియలకు ముందు ఎసి మాస్టారి అరుగు మీదకు వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను.

"అరబా దగ్గరికి వెళ్ళలేదా?" అన్నారాయన, గొంతులో ముల్లుతో.

"వెళ్ళాను మాస్టారూ. అంతా రాస్తానంది. ఒక్క మాట మాత్రం చచ్చినా రాయనంది."

"ఏ మాట?"

"బుధవారం నాడే ఆసుపత్రికి తీసుకెళ్ళి ఉంటే నా మొగుడు బతికి ఉండేవాడని."

మాస్టారి ముఖం వెలిగింది. కానీ మా దగ్గర శవం ముందు మరణానికి కారణం చెప్పడమంటే, చంపినవాడిని వేలెత్తి చూపడమే.

ఎసి వెళ్ళాక అడిగాను. "ఆ పిల్ల ఎందుకు రాయనందో ఆలోచించారా?"

"చేతగాక! జరగనిదాన్ని గురించి చెప్పే వాక్యమండీ అది. జరగనిది ఎవరిని కరుస్తుంది?"

శనివారం పందిరి కింద, నల్లబట్టల జనం మధ్య, భార్య తరఫున ఆయనే మైకు ముందు నిలబడి చదివారు. ఆ వాక్యం దగ్గర గొంతు పెంచారు. ఏడుపులు ఆగిపోయాయి. క్వాన్సా లేచి మైకు ఆపించాడు.

"ఆ మాట ఎవరిది? ఎసిదా? అయితే ఇవాళే మూటాముల్లే సర్దుకోమను. మేనల్లుణ్ణి నేను చంపానన్న మనిషికి మా గదిలో చోటు లేదు."

ఎసి నోరు తెరవబోయింది. ఆవిడ కొంగు పట్టుకుని పిల్లలు నిలబడి ఉన్నారు. స్త్రీల వరసలో అరబా తల దించుకుంది. మాస్టారు అరబాను చూశారు, తరువాత పిల్లలను చూశారు.

"ఆ వాక్యం నాది," అన్నారు. "ఈ తీరంలో అటువంటి వాక్యం ఇంకెవరు రాయగలరు? మొగుడు మంచివాడని మాత్రమే ఆవిడ చెప్పింది. మిగిలినదంతా నా పైత్యం."

పెద్దలు పక్కకు వెళ్ళి మాట్లాడుకుని వచ్చారు. స్నాప్స్ సారా సీసాలు, ఒక గొర్రె జరిమానా. అందరి ఎదుట మాట వెనక్కి తీసుకోవాలి. ఇకమీదట ఈ ఊరి శవం ముందు ఆయన కాగితం కనిపించకూడదు. చివరి షరతు వినగానే ఆయన చేతిలోని కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. తరువాత చెప్పులు విడిచి, వంగి, తన జీవితంలోకెల్లా గొప్పదనుకున్న వాక్యాన్ని వెనక్కి తీసుకున్నారు. ఎసి ఆ గదిలోనే ఉండిపోయింది.

క్వాన్సాను ఆనాడు ఒక్కరూ ప్రశ్నించలేదు. గొర్రెమాంసం తిన్నవాళ్ళే, పేరు కోసం నోరు జారిన ముసలి పంతులని మాస్టారి మీద కథలు కట్టారు.

పందిరి విప్పుతుండగా అరబా ఆయన దగ్గరకు వచ్చింది. "ఎసక్క అడిగినప్పుడు నాకు భయమేసింది మాస్టారూ. మీకున్న గుండె నాకు లేదు. ఇకమీదట నేను రాసేవి ముందు మీకు చూపిస్తాను, దిద్దండి."

మాస్టారు చాలాసేపు చెప్పులు వెతుక్కున్నారు.

"మీ మావయ్య నివాళిలో ఆ ఈల సంగతి," అన్నారు చివరికి, ఆవిడ వైపు చూడకుండా, "అది నాకు ఎందుకు తట్టలేదో ముందు అది చెప్పు."