బాపు ల్యాబ్ పిల్లలు

మా బాపుకు నేనొక్కదాన్నే కూతురినని ఊళ్లో అందరూ అనుకునేవాళ్లు. అబద్ధం. ఏటేటా కొత్తగా ఓ అరవై మంది పుట్టుకొచ్చేవాళ్లు ఆయనకు.

తొంభైల చివర్లో మేడ్చల్ వైపు పొలాలు అమ్ముడుపోయిన చోటల్లా ఇంజనీరింగ్ కాలేజీలు లేచాయి. అందులో ఒకదాంట్లో బాపు ఎలక్ట్రికల్ ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాడు. అంతకుముందు అలియాబాద్ చుట్టుపక్కల బోరు మోటార్లు బాగుచేసేవాడు. కాలేజీలో చేరినప్పటి నుంచి అన్నం ముందు కూర్చుంటే చాలు, "మా పిల్లలు" అని మొదలుపెట్టేవాడు. మా పిల్లలకు రేపు ప్రాక్టికల్సు, మా పిల్లల్లో ఒకడికి జ్వరం. నా పరీక్షలు ఎప్పుడని ఎవరైనా అడిగితే మాత్రం అమ్మ మొహం చూసేవాడు. అమ్మ నవ్వేది. నాకు ఒళ్లు మండేది.

ఒంటిపూట బడుల రోజుల్లో ఒకసారి నన్ను వెంట తీసుకుపోయి ల్యాబ్ తలుపు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఎందుకు పోయానా అనిపించింది. చెప్పులతో వచ్చినవాణ్ని లోపలికి రానివ్వడు, తన దగ్గరున్న పాత బూట్లు తొడిగించి మరీ పంపుతాడు. ఉంగరాలు, గడియారాలు తీయిస్తాడు. ఆడపిల్లల జడలు ఏప్రాన్ లోపలికి దోపుకోమంటాడు. కరెంటున్న బోర్డు దగ్గరికి పోతే ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకోవాలి. పిల్లలు వైర్లు కలిపాక బాపు వచ్చి, ఒక్కో వైరునూ వేళ్లతో లాగి చూసి, "ఇగ వెయ్" అనేవాడు. ఆ మాట అనందే ఎవరూ స్విచ్చి ముట్టకూడదు. ఎంత నెమ్మది ఆ గొంతులో! మా ఇంట్లో ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

మా ఇంట్లో ఏముండేదో చెప్పమంటారా? ప్లగ్గు లేని వైర్లను అగ్గిపుల్లలతో సాకెట్‌లోకి కుక్కేవాళ్లం. బాపే తడి కాళ్లతో ఫ్యూజు వేసేవాడు. ఒకసారి ఇస్త్రీపెట్టె షాక్ కొట్టి నేను గోడకు పడితే, ఏం కాలేదు కదా అని మళ్లీ అన్నం కలుపుకున్నాడు. అదే నెలలో ల్యాబ్‌లో ఎవడికో వేలి చివర కాస్త కాలిందట. వాణ్ని తన మోపెడ్ మీద మేడ్చల్ డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, సాయంత్రం దాకా పక్కనే కూర్చుని, ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. వాడి వేలు కుళ్లిపోతే బాగుండునని ఆ రోజు మనస్ఫూర్తిగా కోరుకున్నాను. ఇప్పుడు చెప్పడానికీ నాకు సిగ్గు లేదు.

ఇంటర్ అయ్యాక అందరూ కంప్యూటర్లు, కంప్యూటర్లు అని ఎగబడుతుంటే నేను ఎలక్ట్రికల్ అన్నాను, అదీ ఆ కాలేజీయే అన్నాను. అమ్మ మొత్తుకుంది. ఇంటికి దగ్గరని చెప్పి నోరు మూయించాను. నాకు కావలసింది చదువు కాదు. నా వైర్లు మా బాపు లాగి చూడాలి, నాతో "ఇగ వెయ్" అనాలి. అంతే.

రెండో ఏడులో ఆ రోజు వచ్చింది. మా అరవై మందినీ రెండు బ్యాచ్‌లు చేశారు, నాది మొదటిది. మొదటి ల్యాబ్‌కే మోటారు నడపాలి. బాపు మా టేబుల్ దగ్గరికి వచ్చాడు. ఒక్కో వైరూ లాగి చూశాడు. పక్క టేబుల్‌కు పోయి మళ్లీ వచ్చాడు, మళ్లీ లాగాడు. ఏదో గుర్తొచ్చినట్టు మూడోసారీ వచ్చి, నన్ను ఒకడుగు వెనక్కి జరిపి, మొదటి నుంచి చూడటం మొదలుపెట్టాడు. నాతోటి అమ్మాయి విసుక్కుంది. నేను మాత్రం అందరూ చూస్తున్నారా లేదా అని చుట్టూ చూసుకున్నాను. కుళ్లుకోండి, మీ వంతు ఇప్పుడు అనుకున్నాను.

అప్పుడే చివరి టేబుల్ దగ్గర మోటారు గోలపెట్టింది. బాపు ఎంతకీ రాకపోయేసరికి ఒకబ్బాయి తనే స్విచ్చి వేశాడు. లోపల ఒక వైరు సరిగా బిగించలేదు. ఆ వైరు ఊడితే ఆ రకం మోటారు ఆగదు, వేగం పెరుగుతూనే పోతుంది. టేబుల్ అదిరిపోతోంది. ఆ అబ్బాయి దాన్ని చేత్తో ఆపబోయాడు. బాపు ఉరికి మెయిన్ స్విచ్చి కిందికి లాగాడు. అన్నీ ఆగిపోయాయి. అబ్బాయికి చొక్కా చెయ్యి చిరిగింది, చెయ్యి దక్కింది. బాపు ఆ చేతి వేళ్లు ఒక్కొక్కటీ పట్టి చూశాడు.

ఆ రోజు మా మోటారు నడవనే లేదు. మళ్లీ వారం ల్యాబ్‌కు ఒకరోజు ముందు, మా బ్యాచ్‌కు ఇక కొంపల్లి కాలనీ నుంచి వచ్చే కోస్తా సార్ ఒకాయన వస్తాడని చెప్పారు. ప్రమాదం జరిగినందుకు బాపును తీసేశారేమో అనుకుని హడలిపోయాను. కాదట. బాపే హెడ్ దగ్గరికి పోయి, మా బ్యాచ్ వద్దు, రెండో బ్యాచ్ ఒక్కటే చూసుకుంటానని అడిగాడట. అరికాలి మంట నెత్తికెక్కింది. అరవై మందిలో వద్దనుకున్నది నన్నొక్కదాన్నేనా?

మర్నాడు పొద్దున మోపెడ్ తుడుచుకుంటున్న మనిషి ముందుకు పోయి నిలబడ్డాను.

"నన్నెందుకు ఇడిసిపెట్టినవ్ బాపూ? నేనేం జేసిన?"

గుడ్డ పిండి హ్యాండిల్ మీద ఆరేశాడు.

"నువ్వేం జెయ్యలే బిడ్డా. నువ్వు గా రూంల ఉంటే నాకు ఇంకొకలు కనవడ్తలేరు. గా పిలగాని చెయ్యి పోతుండె. నేను నీ కాడ్నే నిలవడ్డ."

"మరి నా వైర్లు ఎవలు సూస్తరు?"

"సార్ సూస్తడు. నాకంటె మంచిగ సూస్తడు. నిన్ను సూస్తె ఆయనకు చేతులు వణుకయ్ గద."

ఇక ఆ సంగతి మేమిద్దరం మళ్లీ ఎత్తలేదు. ఇన్నేళ్లు నేను కుళ్లి ఏడ్చింది ఆ చూపు కోసమే. అది నాకు దొరికింది. దొరికింది కాబట్టే ఆయన నా బ్యాచ్ వదిలేసి పోయాడు.

ఆ మధ్యాహ్నం సార్ మా వైర్లు ఒక్కసారి చూసి సరే అన్నాడు. స్విచ్చి వేశాను, మోటారు చక్కగా తిరిగింది. బయటికి వస్తుంటే రెండో బ్యాచ్ వాళ్లు నవ్వుకుంటూ లోపలికి పోతున్నారు, వాళ్ల వెనక మా బాపు. నన్ను దాటుకుంటూ పోయాడు గానీ తలెత్తి నావైపు చూడలేదు. ఎందుకు చూడలేదో నాకు తెలుసు. తెలిసినా కడుపు మండింది.