వెనక ఎడమ చక్రం

మా పెద్దబాపు పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను బోధన్ రోడ్డు మీది పెట్రోల్ బంకులో ఉన్నాను. పైపు పట్టుకున్న ఆయన నా ముఖం చూసి, "ఏమైందక్కా?" అన్నాడు. చెప్పాను. "అయ్యో, నాతోటి లొల్లి పెట్టుకున్న పెద్దమనిషా?" అని తల మీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ లొల్లి సంగతి చెప్పకుండా మా పెద్దబాపు గురించి చెప్పడం నా వల్ల కాదు.

ఆయన మా నాన్నకు అన్న. మావి పక్కపక్క ఇళ్లు. చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ బాయిలర్ దగ్గర పనిచేశాడు. అది మూతపడ్డాక కూడా పొద్దున లేవగానే ఆ పొగగొట్టం వైపు ఓసారి చూసి గానీ చాయ్ తాగేవాడు కాదు. ఆదివారం చర్చిలో పాటలప్పుడు అందరికన్నా పెద్ద గొంతు ఆయనదే. రాగం మాత్రం ఏనాడూ కుదరలేదు. కోపమొస్తే వాడకట్టంతా వినిపించేది. తప్పు ఒప్పుకున్నా అంతే.

మా ఆయన నడుం దెబ్బతిని ఇంటిపట్టున ఉండాల్సి వచ్చినప్పుడు నేను డ్రైవింగ్ నేర్చుకుని ఓ పాత కారు కొన్నాను. నిజామాబాద్ ఆసుపత్రిలో పనిచేసే నలుగురు ఆడవాళ్లను పొద్దున దించి, సాయంత్రం ఇంటికి తేవడం నా పని. నవ్వినవాళ్లు నవ్వారు, నేను లెక్కచేయలేదు. కానీ ఆ బండి పెట్రోలు తాగడం మొదలుపెట్టింది చూడండి, మామూలు తాగుడా అది! నా కష్టమంతా దాని కడుపులోకే పోయేది. "అమ్మేద్దాం, ఇగ మనతోటి కాదు" అన్నాడు మా ఆయన. అమ్మితే నేను మళ్లీ ఇంట్లోనే. ఎంత ఇష్టపడి నేర్చుకున్నానో నాకే తెలుసు. ఆ రోజు పెరట్లో కూర్చుని బోరున ఏడ్చాను.

గోడ అవతలి నుంచి పెద్దబాపు విన్నాడు. విన్నవాడు నన్ను ఓదార్చకుండా తిన్నగా బంకు మీదికి పోయాడు. "నా బిడ్డకు తక్కువ పోస్తున్నవారా?" అని నలుగురిలో అరిచాడు. పాపం, బంకాయన కొలత డబ్బా తెచ్చి ఎదురుగా కొలిచి చూపించాడు. సరిగ్గానే ఉంది. అయినా నమ్మక, కొన్నాళ్లు నాతో వేరే బంకులో పోయించాడు. తాగుడు తగ్గలేదు. అప్పుడు మళ్లీ నన్ను వెంటబెట్టుకుని ఆ మొదటి బంకుకే వెళ్లాడు. "తమ్మీ, తప్పు నాదే. అందరి ముందట తిట్టిన, గందుకే అందరి ముందట చెప్తున్న" అని ఆయనకు చాయ్ తాగించాడు. నాకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

మెకానిక్ ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గులు మార్చి, టైర్లలో గాలి సరిచేశాడు. కాస్త తగ్గింది, అంతే. పెద్దబాపు తన తెల్ల చేతిరుమాలు తెచ్చి సైలెన్సర్ ముందు పట్టాడు. నల్లబడలేదు.

"మంట సాఫుగనే ఉంది. తింటుంది, పనిజేస్తుంది. మరి గా పనంత ఎటు పోతుందే? ఏడనో వేడైతుంటది. గా వేడి ఏడుందో ఎతకాలె."

మర్నాడు చెరకు తోటల మధ్య చదునైన రోడ్డు మీదికి తీసుకుపొమ్మన్నాడు. కొంత దూరం పోయాక, "న్యూట్రల్‌ల ఇడువు. బ్రేకు తొక్కకు" అన్నాడు. వదిలాను. బండి నాలుగడుగులు దొర్లిందో లేదో నీరసపడి ఆగిపోయింది. ఆయన దిగి, పంచె పైకి కట్టుకుని, ఒక్కో చక్రం దగ్గర వంగి, చెయ్యి వెనక్కి తిప్పి అరచేతి వెనక వైపు పెట్టాడు. తాకించకుండా, దగ్గరగా మాత్రమే. బాయిలర్ దగ్గర నేర్చిన అలవాటు అది. వెనక ఎడమ చక్రం దగ్గర చెయ్యి చటుక్కున తీసుకున్నాడు.

"దొరికిండు దొంగ!"

విప్పి చూస్తే హ్యాండ్ బ్రేకు తీగ లోపల తుప్పుపట్టి బిగుసుకుపోయింది. నేను కొనకముందు ఎవరో ఆ బ్రేకు లాగి బండిని వానలో వదిలేసి ఉంటారన్నాడు మెకానిక్. మేం లివరు కిందికి దించినా ఆ ఒక్క చక్రాన్ని బ్రేకు పూర్తిగా వదలడం లేదు. బండి రోజూ ఆ చక్రాన్ని ఈడ్చుకుంటూ నిజామాబాద్ పోయి వస్తోందన్నమాట. తీగ మార్చి, బ్రేకు శుభ్రం చేశాక అదే రోడ్డు మీద వదిలితే ఆగనంటుంది!

"బండిది తప్పుగాదు బిడ్డా. ఎనకనుంచి పట్టుకొని గుంజుతుండె. ఇడిస్తె ఉరుకదా మరి?" అన్నాడు పెద్దబాపు. నన్ను గురించే అన్నట్టనిపించి కళ్లు తడిశాయి. అమ్మే మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు.

అప్పటినుంచి రోజూ సాయంత్రం నా బండి చప్పుడు వినగానే గేటు దగ్గరికి వచ్చేవాడు. నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టేవాడు. "నాలుగు ఒక్క తీరుంటె పానం నిమ్మలం" అనేవాడు. ఆయన భార్య, మా పెద్దవ్వ, అరుగు మీద కూర్చుని "ముసలోనికి పనిలేదు" అని రోజూ విసుక్కునేది.

పెద్దబాపును మట్టి చేసి వచ్చాక కొన్నాళ్లు నేను బండి తీయలేదు. ఎవరి కోసం గేటు వైపు చూడాలి? ఆసుపత్రి ఆడవాళ్లు నలుగురూ ఫోను చేసి, "నువ్వు రాకుంటె బస్సులల్ల నిలవడి పోతున్నం అక్కా" అన్నారు. నిన్న పొద్దున మనసు రాయి చేసుకుని వెళ్లాను. సాయంత్రం తిరిగొచ్చి ఇంజన్ ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని అలాగే ఉండిపోయాను.

గేటు చప్పుడైంది. పెద్దవ్వ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. ముందు చక్రాల దగ్గర వంగింది. మోకాళ్లు పట్టుకుని లేచి, వెనక్కి నడిచింది. వెనక ఎడమ చక్రం దగ్గర మాత్రం చెయ్యి వెనక్కి తిప్పి చాలాసేపు అలాగే ఉంచింది, అచ్చం ఆయనలాగే.

"నాలుగు ఒక్క తీరే ఉన్నయి బిడ్డా. రేపు గూడ పో."