వరుస నిండనియ్యి

మా కంప్యూటర్ మేడం పోయారన్న కబురు ఇల్లందు బస్సులో నిలబడి ఉండగా తెలిసింది. నా పక్క బెంచీలో కూర్చునే స్నేహితురాలు ఫోన్ చేసి, "ఖమ్మం దవాఖానల తెల్లారంగ పోయిందటనే" అంది. కండక్టర్ ఆధార్ కార్డు అడిగితే ఫోనే చాపాను.

మేడం చేతిలో ఎప్పుడూ రెండు టిఫిన్ డబ్బాలు ఉండేవి. ఒకదాన్లో అన్నం, రెండోదాన్లో ఆడుకునే గవ్వలు. అన్నం డబ్బా చాలాసార్లు మూత తీయకుండానే ఇంటికి పోయేది.

క్రిప్టో కరెన్సీ పాఠం మాకు ఆ గవ్వలతోనే చెప్పారు. మనిషికి ఎనిమిది గవ్వలు. ఆమె చప్పట్లు కొట్టగానే అందరం ఒకేసారి వేయాలి. ఎవరికైనా కనీసం ఏడు వెల్లకిలా పడితే బల్ల మీద ఒక అగ్గిపెట్టె పెట్టాలి. అదే ఒక బ్లాకు, అంటే ఆ కరెన్సీ లెక్కల పుస్తకంలో ఒక పేజీ. పది అగ్గిపెట్టెలైతే వరుస నిండినట్టు. అప్పుడు మాత్రమే గడియారం చూసేవారు. తొందరగా నిండితే తర్వాతి వరుసకు ఎనిమిదీ వెల్లకిలా పడాలనేవారు, ఆలస్యమైతే ఆరు చాలనేవారు. బిట్‌కాయిన్ కూడా సుమారు రెండు వారాలకోసారి ఇదే చేస్తుంది. మేం గవ్వలేసినట్టు అక్కడ బ్లాకుల కోసం పోటీపడే యంత్రాలు, అంటే మైనింగ్ పేరుతో 'తవ్వే' యంత్రాలు, పెరిగినా తగ్గినా, బ్లాకులు మళ్లీ పాత వేగానికి వస్తాయి.

"ఎవరొచ్చిన్రు, ఎవరు పోయిన్రు అని అది అడగదు బిడ్డా. ఎంత లేటయిందో చూస్తది, అంతే" అనేవారు మేడం.

మా నాన్న గనికార్మికుడు. "నేను బొగ్గుబాయిల దిగి తవ్వుతుంటే నువ్వు గవ్వలేసి తవ్వుతున్నవా" అన్నాడని చెబితే, మేడం దగ్గు వచ్చేదాకా నవ్వారు. ఆ దగ్గు మళ్లీ తగ్గలేదు.

ఈ ఎండాకాలం మా కోర్సు ఉంచాలో తీసేయాలో చూడ్డానికి ఒక అధికారి వచ్చారు. బీడీలు చుట్టే తునికాకు సీజన్ ఆ రోజే మొదలైంది. అడవి పల్లెల పిల్లలంతా ఆకు కోతకు పోయారు. క్లాసులో సగం మంది కూడా లేము. ముందురోజు నిండు క్లాసుతో మొదలుపెట్టిన వరుస మాత్రం సగంలో ఉంది, ఏడు పడాల్సిందే. మేడం చప్పట్లు కొడుతున్నారు, గవ్వలు పడుతున్నాయి, అగ్గిపెట్టె మాత్రం బల్ల మీదికి రావడం లేదు.

"ఏందమ్మా, ఇది ఆగిపోయినట్టేనా?" అన్నారు అధికారి, వాచీ చూస్తూ.

"ఆగలే సార్. మెల్లగ నడుస్తుంది."

"మేడం, ఆరు చాలని చెప్పండి, ప్లీజ్" అని నేను గొంతు తగ్గించి అన్నాను.

"మధ్యల మార్చొద్దు. వరుస నిండనియ్యి."

దగ్గు మధ్య చప్పట్లు. అధికారి సంచి భుజానికి వేసుకున్నారు. సరిగ్గా అప్పుడు పదో అగ్గిపెట్టె పడింది. మేడం గడియారం చూసి, ఏడు చెరిపి ఆరు రాశారు. మళ్లీ చప్పట్లు కొట్టగానే మూడు బెంచీల నుంచి "పడ్డది" అన్న మాట. ఆయన సంచి దించి, తానూ ఎనిమిది గవ్వలు అడిగి తీసుకున్నారు. కోర్సును ఇంకో ఏడాది ఉంచారు.

నిన్న మేడం దినకర్మ అయ్యాక కొందరం క్లాసుకు వెళ్లాం. కొత్త మేడం వస్తేనే కోర్సు ఉంటుందట, వస్తారో లేదో ఎవరికీ తెలియదు. బోర్డు మీద ఏడు అని మా మేడం రాత. సెలవులయ్యాక క్లాసు నిండి, వరుస తొందరగా పూర్తయితే తానే మళ్లీ పెంచారు. బల్ల మీద నాలుగు అగ్గిపెట్టెలు. గవ్వల డబ్బా అక్కడే ఉంది.

"మనం ఆరుగురమే ఉన్నం. ఆరు రాద్దామా?" అన్నారెవరో.

నా స్నేహితురాలు ఆ ఏడు ఎవరూ చెరపకుండా డస్టర్ తీసి కిటికీలో పెట్టింది. గవ్వలు పంచింది. అందరం పిడికిళ్లు బిగించి కూర్చున్నాం, చప్పట్లు ఎవరు కొట్టాలో తెలియక.