లైటు వేసుకుని ఎదురొచ్చిన స్కూటర్: విద్యానగర్ నుంచి తార్నాకకు సైకిల్ మీద

మా అమ్మాయి సింధు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. విద్యానగర్‌లోని మా ఇంటి నుంచి తార్నాకలో ఉన్న కాలేజీకి సైకిల్ మీద వెళ్తానని నెల రోజులుగా ఒకటే పోరు. మావారు ససేమిరా అంటారు. ఆయన మా అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శి. ఈమధ్యే సెల్లార్‌లో రోడ్డు భద్రత మీద మీటింగ్ పెట్టి, హెల్మెట్ గురించి చాలాసేపు మాట్లాడి, అందరికీ సమోసాలు కూడా పంచారు. "తార్నాకల రాంగ్ రూట్ల వచ్చేటోళ్లు పిల్లను గుద్దేస్తరు. నేనుండంగ సైకిలెందుకు? రోజూ దింపుతలేనా?" అని ఆయన. "సైకిలైతే నా కళ్లతోని నేను చూసుకుంట పోత డాడీ" అని అది. వీళ్లిద్దరి మధ్య నాకు కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. ఒక రాత్రి అన్నం వడ్డిస్తూనే తేల్చి చెప్పాను: కాలేజీ టైముకే, అదే దారిలో, ముందు నేను తొక్కుకుంటూ వెళ్తాను. క్షేమంగా చేరితే పిల్లకి సైకిల్. చేరకపోతే ఈ మాట ఇంట్లో మళ్లీ వినపడకూడదు. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఎవరి నమ్మకం వాళ్లది.

సైకిల్ సింధుదే. తొమ్మిదో తరగతిలో కొన్నాం, ఆ తర్వాత సెల్లార్‌లో దుమ్ము తింటూ పడుంది. మా సందు చివర పంక్చర్ షాపులో ట్యూబులు, బ్రేకు రబ్బర్లు మార్పిస్తే నాలుగు వందల లోపే అయింది. ఇదే దారికి ఆటో ఎక్కితే పొద్దున పూట ఒకసారికే వంద అడుగుతారు కాబట్టి, వారం తిరక్కుండానే గిట్టుబాటు అవుతుంది. బయల్దేరే ముందు రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. నేను ఆఖరిసారి సైకిల్ తొక్కింది నల్గొండలో, పదో తరగతి పరీక్షలకి వెళ్లినప్పుడు. తెల్లారి ఏడుంపావుకి హెల్మెట్ పెట్టుకుని, దుమ్ముకి స్కార్ఫ్ ముఖం నిండా చుట్టుకుని బయటపడ్డాను. తండ్రీ కూతుళ్లు రోజూ లాగే ఎనిమిదికి ముందు స్కూటర్ మీద బయల్దేరతారు. వాళ్లు వచ్చేసరికి కాలేజీ గేటు దగ్గర నిలబడి ఉండాలని నా పంతం.

విద్యానగర్ వైపు గేటులోంచి యూనివర్సిటీ క్యాంపస్‌లోకి తిరగ్గానే ఊపిరి ఆడింది. చెట్లు, నీడ, వెడల్పాటి రోడ్డు. ఇక్కడ బండ్లకన్నా వాకింగ్ చేసేవాళ్లతోనే ఇబ్బంది. నలుగురు పెద్దమనుషులు రోడ్డుకి అడ్డంగా బారుకట్టి, షుగర్ మందుల గురించి మాట్లాడుకుంటూ నడుస్తున్నారు. నేను గంట కొడితే ఒకాయన వెనక్కి చూసి, "అరే, జరగుండ్రి, అమ్మగారు ఆఫీసుకు లేటయితున్నది" అన్నాడు. అందరూ నవ్వుతూ దారిచ్చారు. నేను నవ్వలేకపోయాను. తార్నాక ఇంకా రాలేదు, నా మనసు మాత్రం ఎప్పుడో అక్కడికి చేరిపోయింది. గోడ మీద కూర్చుని పోటీ పరీక్షల పుస్తకాలు చదువుకునే కుర్రాళ్లు, పొదల్లోంచి నెమలి అరుపు, పెద్ద రాతి భవనం మీద పడుతున్న ఎండ, అన్నీ ఉన్నాయి. ఆదివారం వస్తే తీరిగ్గా చూడొచ్చు. నేను మాత్రం స్పీడ్ బ్రేకర్లు లెక్కపెట్టుకుంటూ, మధ్యలో లెక్క తప్పి తిట్టుకుంటూ పోయాను. క్యాంపస్ దాటేసరికి మోకాళ్లు పట్టేశాయి. తార్నాక మలుపుకి కాస్త ముందు ఒక బండి దగ్గర ఆగి ఇడ్లీ తిన్నాను. పల్లీ చట్నీ కమ్మగా ఉంది, నలభై రూపాయలు. గుండెదడ తగ్గేదాకా అక్కడే నిలబడిపోయాను, దాంతో నాకు కాస్త ఆలస్యమైంది.

ఇక అసలు చిక్కు ఇక్కడే. ఈ దారిన వెళ్దామనుకునేవాళ్లు శ్రద్ధగా చదవండి. క్యాంపస్ నుంచి మెయిన్ రోడ్డు మీదికి రాగానే, మనమున్న వైపే, కుడిపక్కన కొద్ది దూరంలో కాలేజీ సందు కనిపిస్తుంది. కానీ ఆ వైపు బండ్లన్నీ హబ్సిగూడ నుంచి మనకి ఎదురుగా వస్తుంటాయి. పద్ధతిగా వెళ్లాలంటే రోడ్డు దాటి, మెట్రో స్తంభాల అవతలి వైపు నుంచి హబ్సిగూడ దిక్కు పోయి, యూటర్న్ తీసుకుని వెనక్కి రావాలి. నేను సైకిల్ దిగి ఆలోచిస్తుంటే ఒక ఆటో డ్రైవర్ తల బయటపెట్టి, "ఏంది మేడం, నిలవడ్డరు? గీ అంచు పట్టుకొని సీదా పోండ్రి" అన్నాడు.

"అది రాంగ్ రూట్ కదా భయ్యా?"

"లైటేసుకొని, హారన్ కొట్టుకుంట పోతే రాంగేముంటది? అందరు గట్లనే పోతరు."

నిజంగానే అందరూ అలాగే పోతున్నారు. పట్టపగలు లైట్లు వేసుకుని, పీ పీ మంటూ, అదేదో పర్మిట్ అయినట్టు. నాకూ ఆశ పుట్టింది, దాచడమెందుకు? కానీ నా సైకిల్‌కి లైటు లేదు, నా గంటకి ఆటోలు జరిగేలా లేవు. అందుకని, నీతి కన్నా భయంతోనే, నడిచేవాళ్ల గుంపులో కలిసి సైకిల్ నెట్టుకుంటూ రోడ్డు దాటాను. యూటర్న్ తీసుకుని తిరిగి వచ్చేసరికి పది నిమిషాలు పట్టింది.

ఎడమ అంచు పట్టుకుని వస్తున్నాను. కాలేజీ సందు మొదలు కనిపించింది. గెలిచాననుకుని తిరగబోతుండగా, పార్కింగ్‌లో ఉన్న వ్యాన్ పక్కనుంచి ఒక స్కూటర్ లైటు వేసుకుని సూటిగా నా మీదికి వచ్చింది. నా కుడిపక్కన బస్సు. అటు జరిగితే దాని కింద పడతాను. బ్రేకులు రెండూ నొక్కి, కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి స్కూటర్ ముందు చక్రం నా చక్రానికి తగిలి ఆగి ఉంది.

"ఓ అమ్మా, పక్కకు జరుగు! లైటేసిన గద, కనవడ్తలేదా?"

ఆ గొంతు ఎవరిదో తెలిసింది. స్కార్ఫ్ కిందికి లాగాను. మావారి తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. వెనక సింధు బ్యాగును గుండెలకి హత్తుకుని, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుని ఉంది. వాళ్ల వెనక రాంగ్ రూట్‌లో వస్తున్న మరో నాలుగు బండ్లు, ముందుకి కదలమని హారన్లు.

ఆయన తేరుకున్నాక వచ్చిన మొదటి మాట, "చూసినవా, నేను చెప్పలే? సైకిల్ మీద వస్తే గిట్లనే అయితది."

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ అప్పుడు నా చూపంతా పిల్ల మీదే ఉంది. "కళ్లు మూసుకున్నవేందే?" అన్నాను.

సింధు మెల్లగా దిగింది. తండ్రి వైపు చూడకుండా, "రోజూ గంతే మమ్మీ. క్యాంపస్ దాటినంక మూసుకుంట, సందుల తిరిగినంక తెరుస్త. చెప్తే డాడీ ఫీలయితడని చెప్పలే" అంది.

వెనక హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఆయన హ్యాండిల్ మీద చెయ్యి జరిపి లైటు ఆర్పేశారు. తర్వాత స్కూటర్ దిగి, దాన్ని నెట్టుకుంటూ సందులోకి వచ్చి, గోడ పక్కన ఆపారు.

సింధు ఇప్పుడు సైకిల్ మీదే వెళ్తోంది. రోడ్డు దాటేచోట దిగి నెట్టుకుంటూ దాటుతుంది, యూటర్న్ చుట్టి వస్తుంది. అలవాటయ్యే దాకా అంటూ వాళ్ల నాన్న స్కూటర్ మీద దాని వెనకే నెమ్మదిగా, లైటు లేకుండా ఆ చుట్టూ తిరిగి వస్తున్నారు. నా భయం పూర్తిగా పోలేదు. అది చేరానని మెసేజ్ పెట్టే దాకా ఇప్పటికీ వంటింటికీ బాల్కనీకీ మధ్య తిరుగుతూనే ఉంటాను. ఆ రోడ్డుని అంత ప్రమాదంగా మార్చినవాళ్లు ఎవరో పరాయివాళ్లని ఇన్నాళ్లూ అనుకున్నాను. వాళ్లలో ఒకరికి రోజూ పొద్దున్నే టీ పెట్టి ఇస్తున్నది నేనే.

మీ పిల్లలు సైకిల్ అడిగితే, ముందు ఆ దారిని వాళ్లు వెళ్లే టైముకే తొక్కి చూడండి, సెలవు రోజున కాదు. అంతకన్నా ముందు, ఇప్పుడు వాళ్లని రోజూ దింపుతున్న బండి వెనక ఒక్కసారి మీరు కూర్చుని వెళ్లండి, కళ్లు తెరుచుకుని.