అవ్వ సీరియల్‌కు పడ్డ తాళం

తెలంగాణ వచ్చిన కొత్తలో మేం కోస్గిలో ఉండేవాళ్లం. కేబుల్ వైరు తెగినప్పుడల్లా బాగుచేసేవాళ్ల కోసం ఎదురుచూసి విసిగిపోయిన నాయిన, మిద్దె మీద చిన్న డిష్ పెట్టించాడు. అందులో ఉచిత ఛానళ్లే వచ్చేవి. అవ్వ రోజూ చూసే సీరియల్ ఛానల్ పెడితే మాత్రం తెర నల్లబడి తాళం బొమ్మ కనిపించేది.

"గా తాళం ఎవలేసిండ్రురా?" అని నాయినను అడిగింది అవ్వ.

"ఛానలోళ్లు. పైసలు కడితేనే తీస్తరమ్మా."

"మన మిద్దె మీద పడ్డ వాన మనది కాదా? గిది గూడ గట్లనే గదా!"

నాయిన కోర్టులో అటెండరు. అక్కడ ఒక వకీలును అడిగి వచ్చి, "తాళం లేనియి ఎవలన్న చూడొచ్చంట. ఏసిన తాళం దొంగతనంగ తీస్తే కేసైతదంట" అని చెప్పాడు. అవ్వ మూతి ముడుచుకుంది.

వారం తిరక్కుండానే, నాయిన డ్యూటీకి పోయినప్పుడు, బజారు నుంచి మెకానిక్‌ను పిలిపించింది. అతను తాళాలు దొంగతనంగా తీసే వేరే సెట్‌టాప్ డబ్బా తెచ్చి బిగించాడు. అన్ని ఛానళ్లూ వచ్చాయి. ఆ సాయంత్రం అవ్వ పెళ్లికి పోతున్నట్టు తల దువ్వుకుని టీవీ ముందు కూర్చుంది.

నాయిన వచ్చాడు. కొత్త డబ్బాను చూశాడు. అవ్వ పక్కన కూర్చుని సీరియల్ అయిపోయేదాకా చూశాడు. కొడుకు తిట్టకపోయేసరికి అవ్వకు భయం పట్టుకుంది.

"నన్ను జైల్ల ఏస్తరా బిడ్డా?"

"నిన్నెందుకేస్తరమ్మా? ఇల్లు నా పేరు మీదున్నది. నన్నే పట్టుకుంటరు. నౌకరి గూడ పోవచ్చు."

అవ్వ చటుక్కున లేచి ప్లగ్గు పీకి, డబ్బాను నాయిన ఒళ్లో పెట్టింది. "గిప్పుడే ఇచ్చి రాపో. నీ నౌకరి కంటె నాకు సీరియల్ ఎక్కువనా?"

మర్నాడు సాయంత్రం పక్కింటికి బయలుదేరింది. వాళ్లకు కేబుల్ ఉంది. కానీ రెండిళ్ల నడిమి గోడ జాగా కాడ పంచాయితీ అయ్యి, ఆ ఇంటి పెద్దమ్మకూ అవ్వకూ ఏండ్లుగా మాటల్లేవు. ఏమవుతుందోనని నేనూ వెంట పోయాను.

"అక్కా, మా టీవీకి తాళం పడ్డది. జర సీరియల్ చూసి పోత" అంది అవ్వ గడప బయటే నిలబడి.

ఆమె అవ్వను ఎగాదిగా చూసి, పీట జరిపింది. "రా, కూసో. నిన్న ఏమైందో ఎరుకనా?"

"చూసిన."

"తాళం పడ్డదంటివి, ఎట్ల చూసినవే?"

"గదొక్కటి అడగకక్కా."

ఆమె పకపకా నవ్వింది. అవ్వ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

కొన్నాళ్లకు నాయిన పైసలు కట్టి ఆ ఛానల్ తెప్పించాడు. అవ్వ రెండు రోజులు మా ఇంట్లోనే చూసింది. మూడో రోజు కొంగు సర్దుకుని లేచింది.

"ఇంట్లనే వస్తాంది గదమ్మా, మళ్ల ఏడికి?" అన్నాడు నాయిన.

"ఒక్కదాన్నే కూసుంటే గా సీరియల్ల అత్తను ఎవలతోని కలిసి తిట్టాలెరా?" అని చెప్పులేసుకుంది.

సీరియల్ మొదలవగానే గోడవతల ఇద్దరి గొంతులూ ఒకేసారి లేచాయి. నాయిన మా టీవీ సౌండు తగ్గించి, తిట్లు విన్నాడు.