రత్నస్వామి వదిలేసిన కాఫీ

రత్నస్వామి కాఫీ తాగే తీరు చూస్తే నాకు ఒళ్లు మండేది. తిరుత్తణిలో రైలెక్కే ముందు ఒకటి, తిరువళ్ళూరులో దిగగానే ఒకటి, కంపెనీ గేటు దగ్గర మళ్లీ ఒకటి. మేమిద్దరం ఒకే షెడ్డులో రేకులు కత్తిరించే మిషన్ల దగ్గర పనిచేసేవాళ్లం. కరోనా వచ్చి పోయాక అతనికి వాసనా రుచీ తెలియకుండా పోయాయి. అయినా కాఫీ మానలేదు.

"వాసన దేనికి ఆదిమూలం, కడుపులో పడితేనే నాకు చెయ్యి ఆడేది," అనేవాడు.

అలాంటి మనిషి కాఫీ వదిలేశాడు. భార్య అలిమేలమ్మకు పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. మా వైపు ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే ఇంకొకరు తమకు ప్రాణమైనదాన్ని తిరుత్తణి కొండ మీద మురుగన్ సన్నిధిలో వదిలి వస్తారు. ఆమె తన కాళ్లతో కొండ మెట్లు ఎక్కేదాకా కాఫీ చుక్క ముట్టనని రత్నస్వామి మొక్కుకున్నాడు. ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చుని ఆమెకూ ఆ సంగతి చెప్పాడు. ఆమె ఎడమచేత్తో అతని చెయ్యి పట్టుకుని ఏడ్చింది. దేవుడితో బేరాలంటే నాకు గిట్టదు. ఆ రోజు మాత్రం నోరు మూసుకున్నాను.

కాఫీ మానాక తల పగిలిపోయే నొప్పి పట్టుకుంది. మిషన్ దగ్గర నిలబడే కునికేవాడు. ఒకసారి బ్లేడు కిందికి పోతున్న చేతిని నేను లాగకపోతే వేళ్లు తెగిపడేవే.

అప్పుడు ఊడిపడ్డాడు విజయ్, రత్నస్వామి అక్క కొడుకు. చెన్నైలో ఏదో కంపెనీ డబ్బాలు చుట్టాలకు అంటగట్టడమే వాడి ఉద్యోగం. అరిటాకు మడత లాంటి ఇస్త్రీ చొక్కా, నోటి నిండా ఇంగ్లీషు.

"కాఫీ అంటే ఎద్దును ములుకోలతో పొడిచినట్ల మామా. అప్పటికి ఉరుకుతాది, మళ్లా కూలబడతాది. ఇది కాళాన్ పొడి. పుట్టగొడుగుల్లోనే రాజా. ఎద్దుకు మేత పెట్టినట్ల, దినమంతా నిదానంగా బలమిస్తాది."

"నేను మొక్కులో ఉండాను గదరా. కాళాన్ ముట్టొచ్చునా?"

"ఇది తిండి కాదు మామా, మందు."

మాంసంతో సమానమని ఆ ఇంట్లో పుట్టగొడుగులు ఏనాడూ వండలేదు. మందన్నాడు కాబట్టి రత్నస్వామి ఒప్పుకున్నాడు. మర్నాడు ఆ పొడి వేణ్ణీళ్లలో కలుపుకుని తాగితే, రైలు అరక్కోణం చేరేలోపే తలనొప్పి మాయమైంది. ఇక షెడ్డులో అందరికీ పుట్టగొడుగు పురాణమే. కాఫీది అరువు బలమట, దీనిది సొంత బలమట. ఇన్నాళ్లూ ఆ నల్లనీళ్లకు బానిసగా ఎట్లా బతికానో అని ఆశ్చర్యపోయేవాడు.

ఇంట్లో మాత్రం ఒక చికాకు మొదలైంది.

"పొద్దున్నే అలిమేలుకు నా మీద యాడలేని కోపం వస్తా ఉండాది," అన్నాడు ఒకనాడు రైల్లో. "గ్లాసు ఎత్తితే తట్టేస్తాది. నిన్న చొక్కా మీదంతా పోసేసింది."

జబ్బు మనుషులకు విసుగు మామూలేనని అందరం అన్నాం. అప్పటినుంచి అతను గ్లాసు తీసుకుని వాకిట్లోకి పోయి తాగేవాడు. లోపల ఆమె ఎడమచేత్తో మంచం పట్టెను కొడుతూనే ఉండేదట.

ఆషాఢం, మా వైపు ఆడి మాసం, రాకముందే రెండోసారి పక్షవాతం వచ్చింది. అలిమేలమ్మ పోయింది.

కర్మంతరం నాడు విజయ్ వచ్చాడు. చావింట్లో కూడా గిరాకీ వెతుక్కునే రకం వాడు. వచ్చిన చుట్టాలకు పేపరు కప్పుల్లో ఆ పొడే కలిపి అందించాడు. అలిమేలమ్మ అక్క చెంగమ్మ కప్పును మూతి దాకా తెచ్చి ఆగింది.

"ఇది కాఫీనే కదరా?"

"ఉత్త కాళాన్ అయితే యెవురు తాగుతారత్తా?" విజయ్ నవ్వాడు. "సగానికి సగం కాఫీ పొడే. కలపకపోతే బలం వచ్చినట్లే ఉండదు."

రత్నస్వామి నా పక్కనే కూర్చుని ఉన్నాడు.

"మీ మామ కాఫీ మీద మొక్కుకున్నాడని నీకు తెలీదా?" అన్నాను.

"అది కాఫీ అని నేను అమ్మలేదు గదన్నా. కాళాన్ అనే అమ్మినాను."

వాడి చెంప పగలగొడదామని లేచాను. రత్నస్వామి నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. మెదడులో రక్తం గడ్డకట్టి పోయిందని డాక్టరే చెప్పాడు కదా, దానికీ నీ మొక్కుకూ సంబంధం లేదు అని నాకు వచ్చిన మాటలన్నీ చెప్పాను. అతను వాకిలి వైపు చూస్తూ కూర్చున్నాడు.

"నా ముక్కు పోయింది ఆదిమూలం. అలిమేలుకు ముక్కు ఉండింది," అన్నాడు. "పెళ్లయినప్పటి నుంచి నాకు కాఫీ కలిపిన మనిషి. వద్దు వద్దని లోపల కొట్టుకుంటా ఉంటే, నేను వాకిట్లోకి పోయి తాగినాను."