కొత్త డిస్కుకు పెట్టిన బొట్టు

బస్సు కిటికీలోంచి దస్తీ వేస్తే ఆ సీటు మనది. ఇది ఏ చట్టంలోనూ రాసి లేదు. అయినా మా వైపు దీనికున్నంత గౌరవం చాలా చట్టాలకు లేదు. ఆ ఆదివారం కోరుట్ల బస్టాండులో మాత్రం నా దస్తీ మీద ఒక పెద్దమనిషి నిశ్చింతగా కూర్చుని ఉన్నాడు. "దస్తీ ఏశిన గదా" అన్నాను. ఆయన కాస్త పక్కకు ఒరిగి, కింద నుంచి దాన్ని లాగి, నా చేతికిచ్చి, "కనవడలే సార్" అన్నాడు. ముదురు ఎరుపు చేతిరుమాలు అది. వేములవాడ దాకా నిలబడి వెళ్ళాను. అక్కడ దేవుడి కోసం సగం బస్సు దిగిపోయాక కూర్చున్నాను.

చొక్కా జేబులో మా అక్క కోసం కొన్న కొత్త ఎస్‌ఎస్‌డీ ఉంది. కంప్యూటర్ పనిని దాచుకునే పెట్టె అది. అరచేతిలో పట్టేంత ఉంటుంది, చాలా పల్చన. పాత హార్డ్ డిస్కులో లాగా ఇందులో తిరిగే భాగమేదీ లేదు కనుక చప్పుడు చెయ్యదు.

అక్క సిరిసిల్లలో చీరల అంచులు గీస్తుంది. కంప్యూటర్ తెర మీద చిన్న చిన్న గళ్ళు ఉంటాయి. ఒక్కో గడినీ రంగుతో నింపుకుంటూ పోతే అది పువ్వో చిలకో అవుతుంది. ఆ ఫైలును చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు, ఆ అట్టలు చెప్పినట్టు మరమగ్గం నేస్తుంది. పదకొండేళ్ళుగా ఆమె గీసిన అంచులన్నీ ఒకే ఒక్క హార్డ్ డిస్కులో ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. ఈ సంగతి నాకు తెలియక కాదు.

బతుకమ్మ పండుగకు ముందు అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, కంప్యూటర్ల టక్కు టక్కుమని సప్పుడొస్తుందిరా." నేను జగిత్యాలలో డిగ్రీ పిల్లలకు ఆర్థిక శాస్త్రం చెబుతాను. అందువల్ల మా ఇంట్లో కంప్యూటర్ల విషయం కూడా నన్నే అడుగుతారు. "ఫ్యాన్‌కు దుమ్ము వట్టుంటదక్కా, తుడిపియ్యి" అన్నాను. పాపం, తుడిపించింది. చలి ముదిరాక ఒకరోజు ఆ కంప్యూటర్ తెరుచుకోవడానికి అరగంట పట్టింది. అప్పుడు పాడవుతున్నది డిస్కని నాకు అర్థమై కోరుట్ల బయలుదేరాను. అక్కడ మా పాత క్లాస్‌మేట్‌కు కంప్యూటర్ల దుకాణం ఉంది. ఊరంతా అతన్ని భాయ్ అంటారు, నేనూ అంతే.

భాయ్ డిస్కును నా చేతిలో పెట్టి, దాని కొసన వరసగా ఉన్న బంగారు రంగు పళ్ళను చూపించాడు. "గిది కేబుల్‌కు తగిలే జాగ సాబ్. చెయ్యి పెట్టకు. మిగతాది నీకు తెలుసు" అన్నాడు. ఆ చివరి మాట మర్యాదకు అన్నాడని ఇప్పుడు అనిపిస్తుంది.

నేను వెళ్ళేసరికి బావ మగ్గాల షెడ్డులోంచి నూలు దులుపుకుంటూ వచ్చాడు. పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గింతేనా బామ్మర్దీ? పదకొండేండ్ల పని వడుతదంటివి, ఆటోల వస్తదనుకున్న."

"పడుతది బావా. ఇంకా జాగ మిగుల్తది."

"మీ అక్క ఇంకో పదకొండేండ్లు గీస్తదన్నట్టు. నా పని అయిపాయె."

నేను కాళ్ళు కడుక్కుని చాయ్ తాగి వచ్చి బల్ల కింది చీకట్లోనే డిస్కును బిగించాను. కేబుల్ పెట్టాను, మూత వెయ్యకుండానే స్విచ్ నొక్కాను. పాత డిస్కు టక్, టక్ అని నాలుగైదు సార్లు మూలిగి, ఎలాగో తెరుచుకుంది. తెర మీద ఎప్పుడూ ఉండే రెండు డ్రైవ్ గుర్తులే ఉన్నాయి. కొత్తది లేదు.

కంప్యూటర్‌ను ఆపి కేబుల్ మార్చాను. మళ్ళీ స్విచ్ వేశాను. టక్, టక్. లేదు. కరెంటు వచ్చే తీగ మార్చాను. లేదు. కంప్యూటర్ మేలుకునే ముందు వచ్చే నల్ల తెరలోకి వెళ్ళి చూశాను. తనకు ఏమేమి తగిలించి ఉన్నాయో అది అక్కడ లెక్క చెబుతుంది. అక్కడా పాత డిస్కు ఒక్కటే ఉంది. ఆపి తెరిచిన ప్రతిసారీ పాతది ఇంకొంచెం ఎక్కువసేపు మూలుగుతోంది. అక్క పక్కన స్టూలు మీద కూర్చుని ఆ చప్పుడు వింటోంది.

గంట తర్వాత భాయ్‌కు ఫోన్ చేశాను. "పండ్లు చూసినవా సాబ్?" అన్నాడు.

డిస్కును తీసి కిటికీ వెలుగులో పెట్టి చూశాను. బంగారు పళ్ళ మీద తడి పసుపు, దాని మీద ఎర్రగా కుంకుమ. చక్కగా, నిండుగా పెట్టిన బొట్టు. నేను చాయ్ తాగుతున్నప్పుడు పెట్టి ఉంటుంది.

"అక్కా, బొట్టు పెట్టినవా?"

"పెట్టరా? కొత్తది గదా." నా ముఖం చూసి ఆగింది. "పేపర్ అతికిచ్చిన దిక్కు పెడితె వారంటీ పోతదేమోనని గా దిక్కు పెట్టలే. బంగారం లెక్క ఉన్న దిక్కు పెట్టిన. తప్పా?"

తప్పని ఎలా అనను? ఆ ఇంట్లో మిక్సీకి బొట్టుంది, నీళ్ళ ఫిల్టరుకు బొట్టుంది, షెడ్డులో ప్రతి మగ్గం మోటారుకూ ఉంది. దేవుడి మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. నా బండి హ్యాండిల్ మీద మాత్రం బొట్టుంది. ఎవరు పెట్టారని నేను అడగలేదు, తుడవనూ లేదు. ఇంట్లోకి వచ్చిన వస్తువును ఊరికే పనిలోకి దింపడం మాకు చేతకాదు. ముందు దానికి కాస్త మర్యాద చేస్తాం. అది కూడా మనతో మర్యాదగా ఉంటుందని ఆశ. పైగా అక్క దానికి ఒంట్లో అన్నిటికంటే మంచి చోటు చూసి మరీ పెట్టింది.

ఫోన్‌లో భాయ్ నవ్వు ఆపుకోలేదు. "మా ఇంట్ల అయితె దువా చదివి ఊదుతరు సాబ్. గాలికి పండ్లు ఖరాబు కావు" అన్నాడు. పొడిబట్టతో తుడిచి, పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దమన్నాడు. రుద్దాను. రబ్బరు పసుపుపచ్చగా అయింది. మళ్ళీ బిగించి స్విచ్ వేస్తే, ఆ నల్ల తెర మీద రెండో పేరు కనబడింది.

"వచ్చిందా?" అంది అక్క.

"వచ్చింది."

కానీ కంప్యూటర్ పూర్తిగా తెరుచుకున్నాక చూస్తే మళ్ళీ ఆ రెండు గుర్తులే. బావ వంగి చూసి, "వచ్చింది అంటివి?" అన్నాడు. నేను డిస్క్ మేనేజ్‌మెంట్ అనే చోటు తెరిచాను. అక్కడ కొత్త డిస్కు ఉంది, నల్లటి పట్టీతో, పేరు లేకుండా. లోపలికి వచ్చి కూర్చుంది, కానీ ఇది నాది అని ఎవరూ దాని మీద దస్తీ వెయ్యలేదు. అంతవరకూ కంప్యూటర్ లెక్కలో ఆ చోటు ఖాళీ కూడా కాదు, అసలు లేదు. పొద్దుటి పెద్దమనిషి మీద నాకు కోపం కొంత తగ్గింది. నిజంగానే కనబడలేదేమో.

పాత డిస్కును ముట్టుకోకుండా రెండుసార్లు చూసుకుని కొత్తదాన్ని సిద్ధం చేశాను. చివర్లో దానికొక ఇంగ్లీషు అక్షరం పెట్టమని అడిగింది. అక్క తన పేరులో మొదటి అక్షరం చెప్పింది.

"మరి నా పేరుది?" అన్నాడు బావ.

"మగ్గాలన్నీ నీ పేరు మీదనే ఉన్నయి గదా, సాల్తలేవా?" అంది అక్క.

మూడో గుర్తు వచ్చింది. అక్క స్టూలు ముందుకు జరుపుకుని తనే వరస చెప్పింది. ముందు ఇప్పుడు మగ్గాల మీద నడుస్తున్నవి, తర్వాత నిరుటివి, అలా వెనక్కి. ఎవరూ అడగరు కనుక మొదటి ఏడాదివి ఆఖరున. ఏడాదికొక ఫోల్డరు, అక్క మాటలో సంచీ. ఒక్కో సంచీ కొత్తదానిలోకి కదిలిపోతుంటే ఆమె వేళ్ళు మోకాలి మీద గళ్ళు లెక్కపెడుతున్నట్టు కదిలాయి.

ఆ మొదటి ఏడాది సంచీలో ఒక చిలకల అంచు ఉంది. నేర్చుకుంటున్న రోజుల్లో గీసింది. చిలకలు పిచ్చుకల్లా వచ్చాయని అప్పుడు అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. అయినా ఎవరో వ్యాపారి దాన్ని నేయించాడు. చాలా రోజుల తర్వాత గంభీరావుపేట బస్సులో ముందు సీటామె ఆ చీరలో కనబడిందట. అక్క తన స్టాపు దాటిపోయినా దిగకుండా ఆ పిచ్చుకలను చూస్తూ కూర్చుందట. "నేనే గీసిన" అని ఆమెకు చెప్పలేదట. ఎందుకు చెప్పలేదని అడిగితే, "ఏమని చెప్పాలెరా" అంది నాతో.

పది సంచీలు వచ్చేశాయి. పదకొండోది సగంలో ఉండగా, ఎంత వచ్చిందో చూపే ఆకుపచ్చ గీత ఆగింది. కాసేపు చూశాం. కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ తెరిచాను. కొత్తది వెంటనే పలికింది. పాతది టక్, టక్, టక్ అంటూనే ఉంది, తెరుచుకోలేదు. మరోసారి చేశాను. అదే చప్పుడు. వచ్చిన సగంలో వెతికాను. చిలకలు లేవు.

"పాతయే గదనే. ఎవ్వలడుగుతరు?" అన్నాడు బావ. వెంటనే తనే మాట మార్చి, "అంతా బొట్టు మహిమ బామ్మర్దీ" అన్నాడు.

నేను నవ్వాను. "అవును బావా, ఆ గంట పోకుంటె అన్నీ వచ్చేటియేమో" అన్నాను, తేలిగ్గానే.

అక్క తెర వైపు చూడటం లేదు. మూత లేని డబ్బా దగ్గరికి వంగి, చెవి పెట్టి వింటోంది. తర్వాత నా వైపు తిరిగింది.

"నేను ఫోన్ల చెప్పిన సప్పుడు గిదే. నువ్వు ఫ్యాన్ అన్నవ్."